మంగళగిరి స్టేషనులో తీసేసే కమ్మలు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ పక్షం వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే గడపకు, అంటే మనిషి బతుకునంతా శాసించే మత సంఘాన్నో ఆశ్రమాన్నో వదిలి రావడానికి, సంబంధించినవి. ఒకరు ఆ గడప దాటి వచ్చారు, ఒకరు దాటి వచ్చాక లోపల వదిలేసిన ఆస్తిని తలచుకుంటున్నారు, ఒకరు ఇంకా లోపలే ఉండి కిటికీలోంచి చూస్తున్నారు. అందుచేత ఈసారి శీర్షికను ఈ మూడింటికే కేటాయించాను. రాసినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. సంఘం పేరు, ఆశ్రమం పేరు వారు రాసినా నేను ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది గుంటూరు. విజయవాడ గవర్నరుపేటలో ఒక ఆడిటరు గారి ఆఫీసులో పని చేస్తూ రోజూ రైల్లో వెళ్లి వస్తాను. నేను పుట్టినప్పటి నుంచి మా కుటుంబం ఒక క్రైస్తవ సహవాసంలో ఉంది. తెల్ల బట్టలే కట్టాలి, నగలు పెట్టకూడదు, సినిమాలు, నవలలు, పుట్టినరోజులు పనికిరావు, జబ్బు చేస్తే ప్రార్థనే గాని మందు ముట్టకూడదు. మా నాన్నగారికి షుగరు. రెండేళ్ల క్రితం ఆయన కాలి బొటనవేలి పుండు నల్లబడితే, పెద్దలు వద్దన్నా వినకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాను. వేలు తీసేసి కాలు దక్కించారు. అది అవిశ్వాసమని, అందరి ముందూ ఒప్పుకోమని అన్నారు. నేను ఒప్పుకోలేదు. నన్ను ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారానికి, దూరం పెట్టారు. నాన్నగారు కోలుకున్నాక మళ్లీ అక్కడికే వెళ్లారు, నేను వెళ్లలేదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం గాని నా భోజనం వేరు. బెసెంటు రోడ్డులో నొక్కుడు కమ్మలు కొన్నాను, ఎందుకంటే నాకు చిన్నప్పుడు చెవులు కుట్టించలేదు. ఉదయం రైలు మంగళగిరి దాటాక పెట్టుకుంటాను, సాయంత్రం మంగళగిరి రాగానే తీసి సంచిలో దాచుకుంటాను. పెట్టుకున్న ప్రతిసారీ గుండె దడదడలాడుతుంది. హోటలుకు వెళ్తే ఏం కావాలో చెప్పలేక పక్కవాళ్లు చెప్పిందే నేనూ చెబుతాను. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వస్తుంది, ఆపైన రోజంతా ఏం చేయాలో తోచదు. తెలియకుండానే ఆ పాటలు నోట్లోకి వస్తాయి, వెంటనే సిగ్గు వేస్తుంది. స్వేచ్ఛ అంటే ఇదేనా? నాలో ఏదైనా లోపం ఉందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లోపం ఉందా అని అడిగారు గనుక ముందు దానికే చెబుతాను. లేదమ్మా. ఏ రంగు కట్టాలో, ఎవరింట్లో భోంచేయాలో, జ్వరం వస్తే ఏం చేయాలో కూడా ఇరవై ఏడేళ్ల పాటు మరొకరు నిర్ణయించిన మనిషికి, హోటలు కుర్రవాడు కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడితే నోరు పెగలకపోవడంలో వింత ఏమీ లేదు. మామూలుగా పిల్లలు ఈ విద్యను ఐదారేళ్ల వయసులోనే, పండక్కి గౌను కొనడానికి వెళ్లిన దుకాణంలో, ఎర్రది కావాలా పచ్చది కావాలా అన్న దగ్గర మారాం చేస్తూ నేర్చుకుంటారు. ఎర్రది పట్టుబట్టి కొనిపించుకుని, ఇంటికి వచ్చాక పచ్చదే బాగుందని ఏడ్చి, మరుసటి ఏడాదికి కాస్త తెలివి తెచ్చుకుంటారు. మీకు ఆ మారాం చేసే వీలూ, ఏడ్చే వీలూ దొరకలేదు. ఇప్పుడు దొరికాయి గనుక, నచ్చని కూర తెప్పించుకుని సగం వదిలేసే హక్కు కూడా మీకు ఉందని గుర్తుపెట్టుకోండి. వచ్చే వారం హోటలుకు వెళ్లినప్పుడు అందరికంటే ముందు మీరే చెప్పండి, ఏదైనా సరే.

క్రైస్తవ సన్యాసినిగా ఉండి, ఆ జీవితం విడిచి వచ్చి, సామాజిక శాస్త్రవేత్త అయిన హెలెన్ రోజ్ ఈబా అనే అమెరికన్, ఇలా పాత జీవితాన్ని వదిలి వచ్చినవారి గురించి చేసిన పరిశోధనను 1988లో ప్రచురించారు. ఆమె లెక్కలో దశలు నాలుగు. మొదట సందేహం, తరువాత వేరే దారుల వెతుకులాట, ఆపైన మనిషిని అటో ఇటో తేల్చుకోమనే ఒక సంఘటన, చివరికి 'ఒకప్పుడు ఫలానా' అన్న గుర్తింపుతో కొత్త బతుకు కట్టుకోవడం. మీ విషయంలో మూడోది నాన్నగారి కాలి రూపంలో వచ్చి, మొదటి రెంటికీ వ్యవధి లేకుండా చేసిందని ఉత్తరం చదివితే నాకు అనిపించింది. పాత జీవితం తాలూకు మిగులు కొత్త జీవితంలో ఉండిపోతుందని, దాన్ని మోసుకుంటూ నడవడమే 'మాజీ'ల ప్రత్యేకత అని కూడా ఆమె అంటారు. మీ నాలుగున్నర మెలకువ, మీ నోట్లోకి వచ్చే పాట అలాంటి మిగులే.

ఇక గుండె దడ సంగతి. కమ్మలు పెట్టుకుంటే పాపం రాదని మీ బుద్ధికి తెలుసు, శరీరానికి ఇంకా తెలియదు. శరీరానికి ఉపన్యాసాలు అర్థం కావు. భయపడిన పని చేసి, ఏమీ జరగకపోవడాన్ని పదేపదే చూసినప్పుడే అది నమ్ముతుంది. దడ తగ్గకముందే కమ్మలు తీసేశారనుకోండి, 'తీసేసింది గనుకే గండం గడిచింది' అని అది తప్పు లెక్క వేసుకుని, మరుసటి రోజు మరింత గట్టిగా కొట్టుకుంటుంది. విజయవాడలో నాస్తిక కేంద్రాన్ని గోరాగారితో కలిసి నడిపిన సరస్వతీ గోరాగారు, గర్భిణులు గ్రహణం చూడకూడదన్న నమ్మకాన్ని ధిక్కరించడానికి తాము గర్భిణిగా ఉన్నప్పుడే గ్రహణాన్ని చూశారు. ఆమెకు లోలోపల దడ పుట్టిందో లేదో మనకు తెలియదు గాని, పుట్టి ఉంటే మాత్రం గ్రహణం విడిచేలోగా అది సగమైనా తగ్గి ఉంటుందని నా ఊహ.

అయితే భయం వేరు, జాగ్రత్త వేరు. గుంటూరు స్టేషనులో మీ సంఘం వాళ్లు ఎదురుపడతారని, ఆ కబురు ఇంటికి చేరి గొడవవుతుందని తీసేస్తే అది జాగ్రత్త, దానికి సిగ్గుపడనక్కర్లేదు. ఇంకా ఆ ఇంట్లోనే ఉంటున్న మనిషి ఏ పోరాటం ఎప్పుడు చేయాలో తానే తేల్చుకోవాలి. ధైర్యం చాల్లేదని మిమ్మల్ని ఎవరైనా ఎత్తిపొడిస్తే, ఆ మనిషి మీ ఇంటి అద్దె కడతారేమో అడగండి.

పాటల దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ సిగ్గే. తెలుగు క్రైస్తవ కీర్తనకు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారు మన రాగాల్లో, మన తాళాల్లో కట్టిన కీర్తనలు లూథరన్లూ పాడుకుంటారు, బాప్టిస్టులూ పాడుకుంటారు, దక్షిణ ఇండియా సంఘం వారూ పాడుకుంటారు. ఏ ఒక్క సహవాసమూ వాటికి హక్కుదారు కాదు. హేయర్ దొరగారు 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషను పెట్టినప్పటి నుంచి లెక్కవేసినా, ఈ ఊళ్లో ఆ పాటలు మీ పెద్దలకంటే, వారి నియమాలకంటే చాలా పాతవి. అమ్మ నేర్పిన వంటను ఇల్లు మారితే వదిలేస్తామా? పాడుకోండి. పాడినంత మాత్రాన తిరిగి వెళ్లినట్టు కాదు. దేవుడు ఉన్నాడా లేడా, ఉంటే ఏ గుడిలో అన్నది ఈ ఏడాదే తేల్చుకోవాలన్న నియమమూ లేదు. సహవాసాన్ని వదిలినవారిలో మరో చర్చికి వెళ్లేవారున్నారు, ఏ చర్చికీ వెళ్లకుండా ప్రార్థన చేసుకునేవారున్నారు, ఏ నమ్మకమూ వద్దనుకున్నవారున్నారు. ఈ ప్రాంతపు వెలి కథలే చూడండి. వినుకొండలో పుట్టిన జాషువాగారు క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ విషయాల మీద కవిత్వం రాస్తున్నారని ఆయనను క్రైస్తవ పెద్దలు వెలివేశారు. గోరాగారు జంధ్యం వదిలేసినందుకు కులం వెలివేసింది. ఒకరు పద్యం దగ్గర నిలబడ్డారు, మరొకరు నాస్తికత్వాన్నే జీవిత కార్యక్రమం చేసుకున్నారు. వెలి ఒకటే, ఆపైన నడిచిన దారులు వేరు.

ఆదివారం ఖాళీకి మందు ఆలోచన కాదు, పని. పది నుంచి ఒంటిగంట దాకా మనుషుల మధ్య గడపడం మీకు పుట్టినప్పటి నుంచి అలవాటు. ఆ మూడు గంటలూ ఒంటరిగా గదిలో కూర్చుంటే ఏ పెద్దలూ పిలవకుండానే మనసు అక్కడికి పరుగెడుతుంది. వారానికొకసారి అదే వేళకు, అదే మనుషులు కలిసే చోటు ఒకటి వెతుక్కోండి. సంగీతం క్లాసు కావచ్చు, గ్రంథాలయం కావచ్చు, ఏదైనా ఆటస్థలం కావచ్చు. ఇన్నేళ్లూ చదవనివ్వని పుస్తకాల కోసం జనవరి మొదట్లో విజయవాడలో పెట్టే పుస్తకాల పండగకు ఒక్కరే వెళ్లి, ఎవరి సలహా లేకుండా రెండు కొనుక్కోండి. అందులో ఒకటి చెత్తదైనా పర్వాలేదు.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. ఆజ్ఞలకు అలవాటుపడిన మనసు ఒక పెద్దను వదిలాక మరో పెద్దను వెతుక్కుంటుంది. కొత్త పెద్ద కొత్త చర్చి కావచ్చు, నాస్తిక మిత్రుడు కావచ్చు, పెళ్లి చేసుకుంటానని వచ్చే యువకుడు కావచ్చు, ఈ శీర్షిక రాసే నేనూ కావచ్చు. ఎవరైనా మీ జీతం లెక్కలు అడిగినా, పాత స్నేహితుల్ని వదిలేయమన్నా, సందేహం వ్యక్తం చేస్తే కోప్పడినా, ఆ గొంతు ఎక్కడో విన్నదేనని గుర్తుపట్టే అనుభవం మీకు ఉంది. జీతం పడే బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, దాని రహస్య సంఖ్య మీ దగ్గరే ఉండాలి. దశమభాగం కింద ఇన్నాళ్లూ తీసిపెట్టిన పదోవంతును కనీసం ఒక ఏడాది పాటు మీ పేరనే తీసిపెట్టి చూడండి. వేరే ఉండాలనిపించిన రోజు విజయవాడలో హాస్టలు అడ్వాన్సుకు అది పనికివస్తుంది.

రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా, నరకం గురించి చెప్పిన మాటలు వదలకుండా వెంటాడినా 14416కు ఫోను చేయండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవ అది. పైసా ఖర్చు లేదు, ఏ వేళనైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

నాన్నగారి గురించి మీరు అడగలేదు గాని చెప్పకుండా ఉండలేను. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా నొప్పి తెలియదు. ఒకసారి వేలు పోయిన పాదానికి మళ్లీ పుండు పడే అవకాశం ఎక్కువ. ఆయన మాత్ర మింగనంటే మీరు బలవంతంగా మింగించలేరు, ఆయన పెద్దవారు. కానీ రోజూ రాత్రి గోరువెచ్చని నీళ్లతో కాళ్లు కడిగి, వేళ్ల సందులు తుడిచి, పగులో ఎరుపో ఉందేమో చూడటానికి ఏ సంఘమూ అడ్డు చెప్పదు. కాళ్లు కడగడం వారి గ్రంథంలో ఉన్న సేవే. మీతో కలిసి భోంచేయని తండ్రి కాళ్లు చాపడానికి ఒప్పుకోవచ్చు. నీళ్ల వేడి మాత్రం మీ చేత్తో చూడండి, ఆయన పాదాన్ని నమ్మవద్దు.

కమ్మల సంగతికి వస్తే, మీ రైలుకు మంగళగిరి తరువాత నంబూరు ఉంది. ఈ నెల నంబూరు దాకా ఉంచుకుని చూడండి.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. విజయవాడ వన్‌టౌనులో బట్టల వ్యాపారం. పదకొండేళ్లు ఒక ఆశ్రమంలో శిష్యుడిగా ఉన్నాను. స్వామివారి అనుమతి లేకుండా దుకాణంలోకి కొత్త సరుకు కూడా దింపేవాణ్ణి కాదు. 2023 చివర్లో, నా సంపాదనతో కట్టిన ఇంటిని ఆశ్రమం పేర దానపత్రం రాసి రిజిస్టరు చేయించాను. అప్పట్లో నా భార్యకు చెప్పలేదు. తరువాత కొన్ని విషయాలు కళ్లారా చూసి బయటికి వచ్చేశాను. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేయమంటున్నారు. ఇష్టపూర్వకంగా ఇచ్చినది తిరిగి అడగవచ్చా? అడిగితే పాపమా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పాపం సంగతి నా పరిధిలోది కాదు, దస్తావేజు సంగతి చెబుతాను. రిజిస్టరై, పుచ్చుకున్నవారు అంగీకరించిన దానాన్ని మనసు మారిందని రద్దు చేసుకోవడానికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఒప్పుకోదు. అయితే ఒప్పందాన్ని ఏ కారణాలతో రద్దు చేయించుకోవచ్చో ఆ కారణాలతోనే దానాన్నీ రద్దు చేయించుకోవచ్చని అదే చట్టంలోని 126వ సెక్షను చెబుతుంది. మీకు పనికివచ్చేది వాటిలో అనుచిత ప్రభావం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షను ప్రకారం, ఒకరి మనసును శాసించగల స్థానంలో ఉన్నవారు ఆ స్థానాన్ని వాడుకుని అన్యాయమైన లాభం పొందితే అది అనుచిత ప్రభావం. లావాదేవీ చూడగానే అన్యాయంగా కనిపిస్తే, ప్రభావం చూపలేదని రుజువు చేసుకోవలసిన భారం ఆ స్థానంలో ఉన్నవారిదే అవుతుంది. ఇది కొత్త వాదన కాదు. పరలోకంలో ఆత్మకు మేలు జరుగుతుందని చెప్పి గురువు తన శిష్యుడి చేత యావదాస్తినీ రాయించుకున్న మన్నూ సింగ్, ఉమాదత్ పాండేల కేసులో, ఆ దానం చెల్లదని అలహాబాదు హైకోర్టు 1890లోనే తీర్పు ఇచ్చింది.

ఆలస్యం చేయవద్దు. దస్తావేజు రద్దుకు దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు. రద్దు కోరడానికి ఆధారమైన విషయాలు మీకు తెలిసిన రోజు నుంచి అది లెక్కకు వస్తుంది, ఆ రోజు ఏదన్న దగ్గరే అవతలి వకీలు పట్టుకుంటాడు. కనుక ఈ వారమే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దానపత్రం సర్టిఫైడు నకలు, ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీసుకుని సివిలు వకీలును కలవండి. స్వామివారి ఆదేశాలున్న వాట్సాప్ సందేశాలు, ఉత్తరాలు చెరపవద్దు. రాజీ పేరుతో ఏ కాగితం తెచ్చినా వకీలు చూడకుండా సంతకం చేయవద్దు. హుండీలో వేసిన కానుకలూ, నెలనెలా ఇచ్చిన చందాలూ తిరిగి వస్తాయన్న ఆశ మాత్రం పెట్టుకోకండి.

మీ ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. అందులో మీ భార్య ప్రస్తావన ఒకే ఒక్క వాక్యంలో వచ్చింది. ఆ ఇంట్లో పదకొండేళ్లూ ఆమె కూడా ఉన్నారు. వకీలు దగ్గరికి వెళ్లే ముందు ఆమెకు అంతా చెప్పి, వెంట తీసుకుని వెళ్లండి. ఎవరినో అడిగి బతికిన అలవాటు పోవాలంటే, అడగవలసిన మనిషిని అడగడంతో మొదలుపెట్టడం మంచిది.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. నాకు 58 ఏళ్లు. మా ఆయనా నేనూ పెళ్లైన నాటి నుంచి సంఘంలోనే ఉన్నాం. మా అబ్బాయి మూడేళ్ల క్రితం సంఘం వదిలేసి, విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ, బయటి అమ్మాయిని రిజిస్టరు పెళ్లి చేసుకున్నాడు. వాడింటికి వెళ్లకూడదని, వాడితో కలిసి భోంచేయకూడదని పెద్దలు చెప్పారు. మనవరాలు పుట్టి పది నెలలైంది, నేను ఫోనులోనే చూశాను. నాకు సంఘం కావాలి, చనిపోతే నన్ను సమాధి చేసేది వాళ్లే. వాడికి గోంగూర పచ్చడి ఇష్టమని పెట్టినప్పుడల్లా ఒక సీసా పక్కన పెడుతున్నాను, అది అలాగే ఉండిపోతోంది. నేను వాణ్ణి చూడటం తప్పా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మిమ్మల్ని సంఘం వదిలేయమని నేను చెప్పను. రాజ్యాంగం 25వ అధికరణ మనస్సాక్షి స్వేచ్ఛను మీ అబ్బాయికి ఎంత ఇచ్చిందో మీకూ అంతే ఇచ్చింది. వాడు బయట ఉండటం వాడి హక్కు, మీరు లోపల ఉండటం మీ హక్కు. పెద్దలు తమ పుస్తకంలో వాడి పేరు కొట్టేసుకోవచ్చు, వాడికి బల్ల దగ్గర చోటు లేదనవచ్చు. కన్నబిడ్డను చూడకూడదని మిమ్మల్ని ఆపే అధికారం మాత్రం ఏ చట్టమూ వారికి ఇవ్వలేదు. చూస్తే వారు మీ మీద ఏం చర్య తీసుకుంటారో నేను ఊహించగలను, ఆ బరువు మోసేది మీరు గనుక తొందరపెట్టలేను.

సమాధి భయం మీ ఒక్కరిదే కాదు, ఈ వయసువారు రాసే ఉత్తరాల్లో అది తరచుగా కనిపిస్తుంది. మనిషిని అదుపులో ఉంచడానికి దాన్ని మించిన తాడు లేదేమో అనిపిస్తుంది నాకు. ఒక సంఘపు సమాధుల తోటలో చోటు లేదంటే ఊళ్లో చోటే లేదని కాదు, పంచాయతీ శ్మశానం ఏ సంఘానికీ చెందదు. ఈ విషయం ఇప్పుడే మీ ఆయనతో, కొడుకుతో మాట్లాడి పెట్టుకుంటే ఆ తాడు కొంత వదులవుతుంది.

ఇక మీరు చేయగలిగినదాన్ని గురించి. మీకు విధించిన నియమాన్ని మీ మాటల్లోనే మళ్లీ చదివాను. వాడింటికి వెళ్లకూడదు, వాడితో కలిసి భోంచేయకూడదు అన్నారు. పార్కులో కూర్చోకూడదని అనలేదు, పసిపిల్లను ఎత్తుకోకూడదని అనలేదు. ఇది పెద్దల కళ్లు కప్పడం అనిపిస్తే మానేయండి. అనిపించకపోతే, ఆరాధన లేని ఒక రోజు చూసుకుని, తెనాలిలో విజయవాడ రైలెక్కే ముందు కోడలికి ఫోను చేయండి. కొడుక్కి కాదు, కోడలికే. మీరు ఇంతవరకు ఆమెతో ఒక్కసారీ మాట్లాడినట్టు ఉత్తరంలో లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ఒడ్డున సాయంత్రం పూట పిల్లల్ని తెచ్చే తల్లులు చాలామందే ఉంటారు, అక్కడ మిమ్మల్ని ఎవరూ ప్రత్యేకంగా చూడరు.

గోంగూర సీసా మూత గట్టిగా బిగించి, పాలిథిన్ కవరులో చుట్టి పట్టుకెళ్లండి. రైల్లో నూనె కారుతుంది.